తెరమీది తుపాకిలో తూటాల లెక్క

తొమ్మిదో తరగతిలో న్యూటన్ మూడవ గమన సూత్రం చెబుతున్నాను. తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు పోతుంది, తుపాకి వెనక్కు తన్నుతుంది. మీరందరూ చదివిన ఉదాహరణే. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "సార్! మొబైల్ గేములో ముప్ఫై తూటాల్లో పది పేల్చి రీలోడ్ బటన్ నొక్కుతాం కదా. పాత మ్యాగజైన్ లో మిగిలిన ఇరవై ఏమవుతాయి?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది.

విద్యార్థులారా! అది నవ్వవలసిన ప్రశ్న కాదు. జవాబు వెదుకుతూ పోతే అందులో స్ప్రింగు ఉంది, పీడనం ఉంది, కూడికలు తీసివేతలు ఉన్నాయి. చివరకు ఒక ప్రాణరక్షణ సూత్రం కూడా ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

తూటాలో ఏముంటుంది?

మనం మాటవరసకు అన్నిటినీ బులెట్ అంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలున్నాయి. ముందు కొసన ఉండేది గుండు. దాని వెనక సాధారణంగా ఇత్తడితో చేసిన డొప్ప. డొప్పలోపల మందు. డొప్ప అడుగున ప్రైమరు అనే చిన్న బిళ్ళ. దీపావళికి మీరు పేల్చే బిళ్ళ తుపాకి గుర్తుందా? దెబ్బ తగలగానే బిళ్ళ టప్పున పేలుతుంది. ప్రైమరు చేసే పని కూడా అదే. అది అంటుకుని మందును మండిస్తుంది. మందు క్షణంలో వేడి వాయువుగా మారుతుంది. ఆ వాయు పీడనం గుండును గొట్టంలోంచి ముందుకు తోస్తుంది. డొప్ప మాత్రం వెనకే మిగిలిపోతుంది. ఆటలో తుపాకి పక్కనుంచి ఎగిరిపడే మెరుపు ముక్కలు ఆ ఖాళీ డొప్పలే.

ఆటలో 5.56, 7.62 అనే అంకెలు చూసే ఉంటారు. అవి గుండు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో సుమారుగా తెలిపే అంకెలు. 5.56 తూటా ఒక్కటి దాదాపు 12 గ్రాములు తూగుతుంది. అంటే ముప్ఫై తూటాలు 360 గ్రాములు. మ్యాగజైన్ బరువు దీనికి అదనం. 1993లో వచ్చిన 'డూమ్' ఆటలో వీరుడు మామూలుగా 200 గుళ్ళు, వీపుసంచి దొరికితే 400 గుళ్ళు మోస్తాడు. తూటాకు 12 గ్రాముల లెక్కన 400 తూటాలంటే దాదాపు 5 కిలోలు! అయినా అతని పరుగు ఏమాత్రం తగ్గదు. పైగా అతని పిస్తోలుకు రీలోడ్ అనేదే లేదు. సంచిలో గుళ్ళున్నంతసేపూ పేలుతూనే ఉంటుంది.

మ్యాగజైన్ అంటే గోదాము

మ్యాగజైన్ అనే మాట అరబ్బీలో గోదాము అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. మీరు చదువుతున్న ఈ మాసపత్రికనూ ఇంగ్లీషులో మ్యాగజైన్ అనే అంటారు. ఇది విషయాల గోదాము, అది తూటాల గోదాము!

తుపాకి మ్యాగజైన్ ఒక పెట్టె. దాని అడుగున స్ప్రింగు ఉంటుంది. పైనుంచి ఒక్కొక్క తూటానే నొక్కి లోపలికి దించాలి. స్ప్రింగును ఎంత ఎక్కువ నొక్కితే అది అంత ఎక్కువ బలంతో ఎదురు తోస్తుంది. హుక్ సూత్రం చదువుకున్నారు కదా! అందుకే మొదటి తూటా సులువుగా దిగుతుంది, చివరి తూటాలకు బొటనవేలు నొప్పిపుడుతుంది.

అయితే తూటా పేలేది మ్యాగజైన్ లో కాదు. గొట్టం మొదట్లో ఒక్క తూటాకు సరిపడే గది ఉంటుంది. దాన్ని చాంబరు అంటారు. తుపాకి పేలగానే కొన్నిటిలో వెనుకతన్ను బలం, కొన్నిటిలో వాయు పీడనంలో కొంత భాగం, బోల్టు అనే భాగాన్ని వెనక్కు నెడుతుంది. అది ఖాళీ డొప్పను బయటకు విసురుతుంది. తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్ పైనున్న తూటాను గదిలోకి తోస్తుంది. ఏ.కె. 47 తుపాకి ఈ పనిని నిమిషానికి 600 సార్లు చేసే వేగంతో పేలుతుంది. అంటే సెకనుకు 10. ముప్ఫై తూటాల మ్యాగజైన్ మూడే సెకన్లలో ఖాళీ!

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న

తుపాకిలో 30, సంచిలో మూడు నిండు మ్యాగజైన్లు. మొత్తం 120. ప్రస్తుతానికి గదిలో తూటాను విడిగా లెక్కించవద్దు. పది పేల్చి రీలోడ్ చేశారు. ఏమవుతుంది? ఆటలు మూడు రకాలుగా జవాబు చెబుతాయి.

మొదటి రకంలో తెరమీద 30, దాని పక్కన 80 కనిపిస్తాయి. 1998 నాటి 'హాఫ్-లైఫ్', 2000లో వచ్చిన 'కౌంటర్-స్ట్రైక్', 2017 నాటి 'పబ్జి' ఈ రకానివి. కంప్యూటరుకు ఇక్కడ రెండే సంఖ్యలు కావాలి: తుపాకిలో ఎన్ని, సంచిలో ఎన్ని. సంచిలోంచి పది తీసి తుపాకికి కలుపుతుంది, అంతే. తూటాలను బిందెలో నీళ్ళలా చూస్తుందన్నమాట. కాని ఒక మ్యాగజైన్ లోని తూటాలను మరోదానిలోకి ఎవరు మార్చారు? ఎవరి బొటనవేలు నొప్పిపుట్టింది? ఎవరిదీ కాదు.

రెండో రకంలో తుపాకిలో 30, సంచిలో 60. తీసిన మ్యాగజైన్ తోపాటు మిగిలిన ఇరవై పోయినట్టే. 2002 నాటి 'మాఫియా', 2005 నాటి 'బ్యాటిల్ ఫీల్డ్ 2' ఇలా చేస్తాయి. తొందరపడి బటన్ నొక్కేవాడికి నష్టం.

మూడో రకం నిజానికి దగ్గర. తుపాకిలో 30, సంచిలో 30, 30, 20. సగం వాడిన మ్యాగజైన్ సగంగానే ఉంటుంది. అవసరం వేళ అదే చేతికి రావచ్చు. 2005 నాటి 'స్వాట్ 4' ఇలా లెక్కిస్తుంది. 2017లో పరీక్షార్థం విడుదలైన 'ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్' లో మ్యాగజైన్లలో తూటాలు ఒక్కొక్కటిగా నింపేవరకు ఆగాలి. ఎన్ని మిగిలాయో తీసి చూసుకున్నా సుమారు అంచనాయే దక్కుతుంది. 2006 నాటి 'రెడ్ ఆర్కెస్ట్రా' లోనైతే అంకెకు బదులు, మ్యాగజైన్ బరువుగా ఉందనో తేలికగా ఉందనో తెలుపుతారు. ఇది మంచి ఊహ. సైనికుడి చేతికి తెలిసేది సంఖ్య కాదు, బరువు.

ముప్ఫైకి ఒకటి కలిపితే

పూర్తిగా ఖాళీ అయ్యాక రీలోడ్ చేస్తే కొన్ని ఆటల్లో ఎక్కువ సమయం పడుతుంది. గమనించారా? గది కూడా ఖాళీ కాబట్టి మ్యాగజైన్ పెట్టాక బోల్టును కదిపి మొదటి తూటాను గదిలోకి పంపాలి. అప్పుడు గదిలో 1, మ్యాగజైన్ లో 29. కొన్ని తూటాలు మిగిలి ఉండగానే మారిస్తే గదిలోనిది గదిలోనే ఉంటుంది. కొత్త మ్యాగజైన్ లో 30, గదిలో 1, మొత్తం 31. 2011 నాటి 'బ్యాటిల్ ఫీల్డ్ 3' తెరమీద 31 కనిపించినప్పుడు చాలామంది తప్పనుకున్నారేమో గాని, అదే సరైన లెక్క.

2012లో వుల్ఫైర్ అనే సంస్థ 'రిసీవర్' అనే ఆటను ఏడు రోజుల పోటీ కోసం తయారుచేసింది. అందులో మ్యాగజైన్ తీయడానికి ఒక మీట, తూటా దించడానికి ఒక మీట, పైభాగం వెనక్కు లాగడానికి ఇంకొకటి. మొదలుపెట్టేసరికి తుపాకి నిండి ఉందో లేదో మీకు తెలియదు. తెరిచి చూసుకోవలసిందే. 2020లో వచ్చిన రెండో భాగంలో తుపాకిని తొందరపాటుతో ఒరలో పెడితే మన కాలికే తగలవచ్చు.

ఏది వదలవచ్చు? ఏది వదలరాదు?

మొదటి రకం ఆటలు అబద్ధమాడుతున్నాయా? లేదు. భౌతికశాస్త్రం లెక్కల్లో మనమూ "ఘర్షణను ఉపేక్షించండి" అంటాం. ఆటలో బొటనవేలి నొప్పిని ఉపేక్షించారు. నమూనా ఏదైనా కొంత వదులుతుంది. ఏమి వదిలిందో మనకు తెలిసి ఉండాలి, అంతే.

కాని గదిలోని ఆ ఒక్క తూటాను మాత్రం వదలరాదు. తెరమీద సున్నా కనిపిస్తే తుపాకి ఖాళీయే. నిజమైన తుపాకి మీద అంకె రాసి ఉండదు. మ్యాగజైన్ తీసేసి "ఇక ఖాళీ" అనుకుని ట్రిగ్గరు నొక్కినందువల్ల మనుషులు చనిపోయారు. ఎన్.సి.సి. లో ఉన్న పిల్లలకు తెలుసు. ఫైరింగ్ ముగిశాక బోల్టు తెరిచి, గది ఖాళీ అని అధికారి కళ్ళారా చూస్తేగాని తుపాకి ముందుకు కదలదు. ఏ తుపాకినైనా నిండినదనే భావించాలి, ఆడుకోవడానికైనా ఎవరివైపూ తిప్పరాదు అనేది అక్కడ మొదటి పాఠం. మీ కంట అలాంటిది పడితే తాకకండి, పెద్దలను పిలవండి.

మీరూ చేసి చూడండి

నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకుని ఒక్కొక్కదానిలో పదేసి చింతగింజలు పోయండి. పెట్టె మ్యాగజైన్, మీ గుప్పిట చాంబరు. మొదటి పెట్టెలోంచి ఒక గింజ గుప్పిట్లోకి తీసుకోండి. దాన్ని బల్లమీద పెడితే పేలినట్టు. వెంటనే పెట్టెలోంచి మరొకటి గుప్పిట్లోకి రావాలి. నాలుగు పేల్చాక పెట్టె మార్చండి. ఇలా నాలుగు పెట్టెలూ అయ్యేవరకు చేసి, ప్రతిసారీ పెట్టెల్లో ఎన్ని, గుప్పిట్లో ఎన్ని అని నోటు పుస్తకంలో రాసుకోండి.

ఆ తర్వాత ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. మ్యాగజైన్ లో 30, గదిలో 1 ఉన్నాయి. పన్నెండు పేల్చి మ్యాగజైన్ తీసేశారు. తుపాకిలో ఎన్ని మిగిలాయి? "సున్నా" అన్నవారు గుప్పిట తెరిచి చూసుకోండి.