వీధి కుక్కతో పొత్తు

తెనాలి అయినా, బాపట్ల అయినా, రేపల్లె అయినా తెల్లారి వాకిలి ఊడ్చే వేళకు వీధి కుక్క కనిపిస్తుంది. ఒకమ్మ దానికి రాత్రి మిగిలిన అన్నం పెడుతుంది. ఇంకొకమ్మ రాయి విసురుతుంది. పెట్టే అమ్మకు జాలి. విసిరే అమ్మకు తన బిడ్డను కరుస్తుందేమోనని భయం. రెండూ న్యాయమే.

కుక్కల్ని తరిమేస్తే పీడ పోతుందా? పోదు. వీధిలో చెత్త ఉంటే కొత్త కుక్కలు వస్తాయి. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని పెట్టగలదు.

మరి దారేమిటి?

కేంద్ర ప్రభుత్వం 2001లో నిబంధనలు చేసింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. ఈ మూడు ఊళ్లూ మున్సిపాలిటీలే. మున్సిపాలిటీ వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. రేబీస్ టీకా వేయించాలి. పట్టిన చోటే తిరిగి వదలాలి. పిచ్చికుక్కను మాత్రం వదలకూడదు. బడి, ఆసుపత్రి, బస్టాండు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలరాదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది.

చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకు ఆపరేషన్ అయిందని గుర్తు. మీ వీధి కుక్కల చెవులు చూడండి. గుర్తు లేకపోతే నలుగురూ కలిసి మున్సిపల్ కమిషనరుకు అర్జీ రాయండి. వేలిముద్ర ఎందుకు? సంతకాలే పెట్టండి.

వీధిలో చేయాల్సినవి

ఎంగిలాకులు, మాంసం వ్యర్థాలు రోడ్డు మీద పారేయకూడదు. కుక్కకు అన్నం పెట్టేవాళ్లు పిల్లలు తిరగని మూలన పెట్టాలి. తింటున్న కుక్క దగ్గరకు, పిల్లల తల్లి దగ్గరకు పోవద్దని పిల్లలకు చెప్పాలి. కుక్క మీదికొస్తే పరుగెత్తకూడదు. కదలకుండా నిలబడాలి.

కరిస్తే

గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. వెనకటిలా బొడ్డు చుట్టూ 14 సూదులు లేవు. ఇప్పుడు చేతికే వేస్తారు. వెళ్లిన రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు రమ్మంటారు. ఒక్కటి కూడా మానకూడదు. రక్తం కారితే గాయం దగ్గర ఇంకో మందూ వేస్తారు.

రేబీస్ జబ్బు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. గోరు గీసుకున్నా తేలిగ్గా తీసుకోవద్దు. తిడతారని పిల్లలు దాచిపెడతారు. కసురుకోకుండా అడగండి. ఆ ఒక్క మాట బిడ్డ ప్రాణం నిలబెడుతుంది.