సూక్ష్మనాళములు - కాలినడక

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకును, చెరువు క్రింది వరిమళ్లకును పేరుపడినవి. నేడచ్చట కర్మాగారములును, తుర్కపల్లి వైపున జీనోం వ్యాలీ ప్రయోగశాలలును, రెండు ఊళ్లను తాకుచు ఔటర్ రింగు రోడ్డును వెలసినవి. 2016లో మేడ్చల్ పేర జిల్లాయే ఏర్పడినది. ఈ అభివృద్ధిని మేము కాదనము. కాని నాగలి వెంట దినమంతయు నడచిన రైతు బిడ్డ నేడు మోటారుబండిపై పనికేగి, ఎనిమిది గంటలు కూర్చుండి, బండిపైననే ఇల్లు చేరుచున్నాడు. తిండి తగ్గలేదు, నడక తగ్గినది. ఈ మార్పునకు మూల్యము మొట్టమొదట చెల్లించునవి శరీరమందలి అతిసూక్ష్మ రక్తనాళములు.

భారత వైద్య పరిశోధనా మండలివారి దేశవ్యాప్త పరిశీలన 2023లో వెలువడినది. దాని లెక్క ప్రకారము దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలు. పొట్ట పెరిగినవారు 35 కోట్ల 10 లక్షలు. నడుము కొలత పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించుట, రక్తపుపోటు 130/85కు చేరుట, పరగడుపు చక్కెర 100కు చేరుట, ట్రైగ్లిసరైడు క్రొవ్వు 150కి చేరుట, మేలు చేయు కొలెస్టరాలు తగ్గుట - ఈ అయిదింటిలో ఏ మూడు కూడినను వైద్యులు దానిని మెటబాలిక్ సిండ్రోము అందురు.

దీనికిని రక్తనాళములకును సంబంధమేమి? కేశనాళిక ఎంత ఇరుకైనదనగా, ఎఱ్ఱ రక్తకణము ముడుచుకొని ఒక్కొక్కటిగా దూరి పోవలసినదే. కండరము పనిచేయునపుడు వీని ద్వారములు తెరచుకొను విధమును కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆగస్టు క్రోగ్ 1920లో నోబెల్ బహుమతి నందెను. నాళపు లోపొర నైట్రిక్ ఆక్సైడును పుట్టించి నాళమును సడలించుననుటకు 1998లో మఱి ముగ్గురకు ఆ గౌరవము లభించెను. పొట్టలో క్రొవ్వు పేరుకొన్నకొలది ఈ లోపొర నీరసించును. కండరములోని చిన్న నాళములను తెరచుట ఇన్సులిను చేయు పనులలో నొకటి. ఆ పనియు కుంటుపడును. చక్కెర కండరమునకు చేరక రక్తమున నిలుచును. నిలిచిన చక్కెర నాళములను మఱింత చెఱచును. తుదకు కన్ను, మూత్రపిండము, పాదముల నరములు దెబ్బతినును. నొప్పి లేకుండ జరుగు హాని గనుక రోగి యెఱుగడు.

ఈ విషవలయమును త్రెంచు సాధనము వ్యాయామము. నడచునపుడు రక్తము వడిగా పారి లోపొరను ఒరసికొనును. ఆ ఒరపిడియే నైట్రిక్ ఆక్సైడు పుట్టుకను పెంచును. పనిచేయు కండరము ఇన్సులిను సాయము లేకయే చక్కెరను గ్రహించును. ఒకనాటి వ్యాయామ ఫలము ఒకటి రెండు దినములు నిలుచును. వారముల తరబడి సాగించినచో కండరమున క్రొత్త కేశనాళికలు మొలకెత్తును. బరువు తగ్గకున్నను ఈ మేలు కొంత కలుగుననుట గమనింపదగినది. తూకము కదలలేదని నిరాశతో నడక మానువారు ఈ మాట మఱువరాదు. వారమునకు కనీసము 150 నిమిషముల చుఱుకైన నడక, రెండు దినములు కండబలమునకు కసరత్తు వలయునని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. గుండెనొప్పి, కంటిపొర జబ్బు, పాదముల తిమ్మిరి కలవారు మాత్రము వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

ఇది మనకు క్రొత్త మాట కాదు. ప్రమేహముతో బాధపడు నిర్ధనుడు చెప్పులు, గొడుగు లేక, ఊరికొక్క రాత్రి బసతో నూఱు యోజనములు నడువవలెననియు, మఱియొకడు దున్నవలెను లేదా నుయ్యి త్రవ్వవలెననియు సుశ్రుతుడు విధించెను. ఆధునిక ప్రయోగశాల దానికి కారణమును చూపినది.

ఈ పరిశోధనకు మన పరిసరములే క్షేత్రములైనవి. జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు సమీప గ్రామములలో గర్భిణులకును, పసిబిడ్డలకును అదనపు ఆహారమొసగిన ఫలితమును పరీక్షించిరి. ఆ బిడ్డలు 13 మొదలు 18 ఏండ్లవారైనపుడు చూడగా, ఆహారము లభించిన పల్లెలవారిలో ధమనుల బిగుసు తక్కువ. ఇన్సులిను చక్కగా పనిచేయుచుండెను. 2008లో ప్రకటితమైన ఈ ఫలితము, నాళముల భాగ్యము తల్లిగర్భముననే మొదలగునని తెలుపుచున్నది. మేడ్చల్ మండలము ఘనపూరు మెడిసిటీ వైద్యసంస్థయు 2009 నుండి చుట్టుప్రక్కల పల్లెల యువతులను, వారి బిడ్డలను అనుసరించి అధ్యయనము సాగించినది.

‘తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు’ అని స్థూలకాయుని పరిహసించుట లోకరీతి. పరిహాసము ఔషధము కాదు. లారీల మధ్య ప్రాణములు అఱచేత పట్టుకొని నడువుమని ఏ వైద్యుడు చెప్పగలడు? చీకటి పడిన పిమ్మట దీపములేని బాటపై ఏ గృహిణి నడువగలదు? రహదారికి కాలిబాట, చెరువుకట్టపై నీడయు దీపమును, ప్రతి పాఠశాలకు ఆటస్థలము, ప్రతి ఆరోగ్య కేంద్రమున నడుము కొలుచు టేపు, కర్మాగారమున గంటకొకమాఱు లేచి తిరుగు విరామము - ఇవి వ్యయసాధ్యములైన కోర్కెలు కావు. స్థానిక పాలకులు వీనిని తమ విధిగా నెంచవలెను. పాఠకులు ఆ బాటకై వేచియుండక నేటి రాత్రి భోజనానంతరము ఇంటి చుట్టైనను పది నిమిషములు నడచుటకు ఉపక్రమింతురుగాక.