పదియేండ్ల నాటి సెల్‌ఫోను, నేటి సెల్‌ఫోను

సంఘ సభ్యులలో పలువురు ఇటీవల మమ్ము నొక ప్రశ్న అడుగుచున్నారు. “మా చిన్న ఫోను పదియేండ్లుగా పనిచేయుచున్నది. మాట వినవచ్చుచున్నది. అయినను బ్యాంకునకు పోయినను, రైతు సేవా కేంద్రమునకు పోయినను, పెద్ద ఫోను ఉన్నదా యని అడుగుదురు. దానిని కొనక తప్పదా? కొనినచో పాతదాని నేమి చేయవలయును?” అని వారి ప్రశ్న. దీనికి ఒక్క మాటలో ఔననియో కాదనియో చెప్పుట మాకు న్యాయముగా తోచలేదు. ఈ పదియేండ్లలో ఫోను మారినది. అంతకంటె ఎక్కువగా ఫోనుతో మనము చేయు పని మారినది. ఈ రెంటిని విడివిడిగా చూచినగాని విషయము తేటపడదు.

మొదట పాతదాని సంగతి. 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారము మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దనే తీరము దాటిన సంగతి మన సభ్యులు మరువలేదు. గంటకు 180 కిలోమీటర్ల ఈదురుగాలికి కొబ్బరి, జీడిమామిడి, అరటి నేలకూలినవి, చెరకు పడిపోయినది. విద్యుచ్ఛక్తి స్తంభములు వరుసగా ఒరిగినవి. ఆ దినములలో సెల్‌ఫోను లున్నవారికిని లేనివారికిని భేదము లేకపోయెను. ఫోను చేతిలో నున్నది, ఛార్జింగు గూడ ఉన్నది, కాని మాట పోదు. గాజువాకలో ఉక్కు కర్మాగారపు కొలువు చేయుచున్న కుమారుడు క్షేమమో కాదో తెలియక భీమునిపట్టణము చుట్టుప్రక్కల గ్రామములవారు మోటారు సైకిళ్లపై చెట్లు దాటుకొని పోయి చూచి వచ్చిరి.

దీనికి కారణము చాలమందికి తెలియదు. మన ఫోను నేరుగా అవతలివారి ఫోనుతో మాటలాడదు. అది దగ్గరనున్న టవరుతో మాటలాడును. ఆ టవరు తీగెలద్వారమునగాని, మరియొక టవరుద్వారమునగాని ఆ మాటను ముందునకు పంపును. టవరునకు కరెంటు కావలయును. కరెంటు పోయిన కొన్ని గంటలు దానియందలి బ్యాటరీలు లాగును; పిమ్మట డీసెలు యంత్రము నడువవలయును. దారులు మూసికొనిపోయి డీసెలు చేరనినాడు టవరు మూగపోవును. ఈ విషయములో నాటి చిన్న ఫోనునకును నేటి పెద్ద ఫోనునకును తేడా లేదు. ఎంత వెలగల ఫోనైనను టవరు లేనిచో మూగదే.

తేడా ఉన్నది మరియొకచోట. నాడు మన గ్రామములలో విరివిగా నుండిన నోకియా 105 వంటి ఫోనులోని బ్యాటరీ 800 ఎమ్‌ఏహెచ్ మాత్రమే. ఒకసారి ఛార్జింగు పెట్టి మాటలాడకయే ఉంచినచో 35 దినములు నిలుచునని ఆ కంపెనీవారే చెప్పుచుండిరి. నేటి పెద్ద ఫోనులలో బ్యాటరీ 5000 ఎమ్‌ఏహెచ్, అనగా దానికి ఆరు రెట్లు. అయినను సాయంకాలమునకు తీగె తగిలింపక తప్పదు. పెద్ద తొట్టి యున్నను తూము ఎల్లప్పుడు తెరచియున్నచో నీరు నిలుచునా? పెద్ద తెరను వెలిగించుటకు కొంత, మనము చూడకపోయినను వాట్సాపు మొదలగునవి క్షణక్షణము టవరుతో సంభాషించుటకు కొంత, ఛార్జింగు వ్యయమగుచునే యుండును. హుద్‌హుద్ నాడు చిన్న ఫోనులు టవరు తిరిగి వచ్చువరకు ప్రాణముతోనే యుండి, రాత్రులందు టార్చి దీపముగా నైనను అక్కరకు వచ్చినవి. ఇది చిన్న మేలు కాదు.

ఇక పెద్ద ఫోను. అది మన యెదుటికి వచ్చిన తేదీ విశాఖపట్టణమువారు చెప్పుకొనదగినది. 2015 ఆగస్టు 10వ తేదీన చైనా దేశపు షావోమి కంపెనీవారు విశాఖపట్టణముననే సభచేసి, నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారి సమక్షమున రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోనును వెలువరించిరి. ఫాక్స్‌కాన్ కంపెనీవారు మన రాష్ట్రమునందలి శ్రీసిటీలో కూర్చిన ఫోను అది. వెల 6,999 రూపాయలు. తెర 4.7 అంగుళములు, లోపలి నిలువ 16 జీబీ, బ్యాటరీ 2200 ఎమ్‌ఏహెచ్. వెనుకమూత తీసి బ్యాటరీని మనమే మార్చుకొనవచ్చును. నేడు దాదాపు అన్ని పెద్ద ఫోనులలో బ్యాటరీని లోపల అంటించివేయుచున్నారు. అది ఉబ్బినచో దుకాణమునకు పోవలసినదే. ఈ మార్పు కొనువానికంటె అమ్మువానికే లాభకరమని మా అభిప్రాయము.

అయితే నాడు పెద్ద ఫోను కొన్నవారు సైతము దానితో పెద్ద పని చేయలేకపోయిరి. ఇంటర్నెట్టు వెల అట్లుండెను. 2014లో ఒక్క జీబీకి సగటున 269 రూపాయలు పడినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. 2016 సెప్టెంబరులో జియో కంపెనీవారు ప్రవేశించిన పిదప ఆ ధర కూలిపోయి, నేడు జీబీకి పది రూపాయలలోపు నకు దిగినది. రైతు చేతిలో పెద్ద ఫోను పనిముట్టైనది అప్పటినుండియే. యంత్రము ముందు వచ్చినది, నీరు తరువాత పారినది.

ఆ పనిముట్టు వలన కలిగిన లాభమునకు చెరకు రైతు అనుభవమునే చూతము. అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానము 1913నుండి ఉన్నది. నాడు చేనిలో తెగులు కనబడినప్పుడు రైతు ఫోనుచేసి “ఆకు ఎండిపోవుచున్నదండీ” అని చెప్పువాడు. ఆకు ఎండుటకు నీటి యెద్దడి కారణము కావచ్చును, పురుగు కావచ్చును, ఎర్రకుళ్లు కావచ్చును. మాటలతో అవతలివారి కేమి తెలియును? నేడు ఛాయాచిత్రము తీసి నిమిషములో పంపవచ్చును. కాని ఇందొక మెలకువ గలదు. పలువురు ఆకును మాత్రమే చిత్రించి పంపుచున్నారు. ఎర్రకుళ్లు ఆకునందు మూడవ, నాలుగవ ఆకు పసుపెక్కి ఎండుటగా కనబడినను, దాని అసలు గుర్తు గడలోపల నుండును. గడను నిలువుగా చీల్చిన లోపల ఎర్రగానుండి, ఆ ఎరుపునడుమ అడ్డముగా తెల్లని మచ్చలుండును. పులిసిన సారాయివంటి వాసన వచ్చును. కనుక చీల్చిన గడ చిత్రమును పంపి, వాసన సంగతి వ్రాసి తెలుపవలయును. వాసనను పంపు ఫోను ఇంకను రాలేదు.

చిన్న ఫోను మాత్రమే ఉన్నవారు నిరాశ చెందనక్కరలేదు. 2004నుండి నడుచుచున్న కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 అను సంఖ్యకు ఏ ఫోనునుండియైనను ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగుననే జవాబు చెప్పుదురు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. పదియేండ్లక్రిందట ఫోను పోయినచో మాట పోయెడిది, నంబర్లు పోయెడివి, అంతే. ఆనందపురము పూలబజారునందు చామంతి ధర తెలిసికొనుటకు ఒక మిస్డ్ కాలు ఇచ్చినచో అవతలివాడే తిరిగి పిలుచుచుండెను. 2016 ఏప్రిలులో యూపీఐ పద్ధతి వచ్చెను. ఆ యేడే నవంబరు 8వ తేదీన పెద్దనోట్లు రద్దయ్యెను. పిదప అదే పూలబజారున డబ్బు ఫోనునుండి ఫోనునకు పోవుట మొదలయ్యెను. బ్యాంకువారి ఓటీపీ ఫోనునకే వచ్చును. పీఎం కిసాన్ ఈకేవైసీ చేయించుకొనుటకును ఆధారునకు జతపరచిన సంఖ్య కావలసివచ్చుచున్నది. కావున నేడు మన పెట్టె తాళపుచెవి ఫోను కాదు, ఫోను సంఖ్య. ఫోను మారినను చిక్కు లేదు. సంఖ్య చేయిజారినచో చిక్కే.

మా సభ్యులలో నొకరికి జరిగిన సంగతి చెప్పెదము. ఆయన పూలతోట గల రైతు. పేరు వ్రాయుట ఆయన కిష్టము లేదు. 2014లో బ్యాంకునందు ఖాతా తెరచునప్పుడు తన చిన్న ఫోను సంఖ్య నిచ్చెను. 2017లో కుమారుడు పట్టణమునుండి పెద్ద ఫోను, క్రొత్త సిమ్ము తెచ్చి యిచ్చెను. పాత సిమ్ము సొరుగులో పడినది. బ్యాంకునకు క్రొత్త సంఖ్య తెలుపవలయునని తండ్రికిని తోచలేదు, కుమారునికిని తోచలేదు. కొన్ని సంవత్సరముల పిదప పంటరుణము తిరుగవ్రాయించుకొనుటకు పోగా ఓటీపీ రాదయ్యెను. మేము ఆ పాతసంఖ్యకు పిలిచి చూచితిమి. వేరొక ఊరి స్త్రీ పలికి, “ఎవరిదో బ్యాంకు మెసేజీలు నాకు వచ్చుచున్నవి, ఎవరికి చెప్పవలయునో తెలియలేదు” అనెను. ఆమె మంచిది కాబట్టి సరిపోయినది. ఆ పక్షమున దినముల తరబడి ఆయన బ్యాంకుచుట్టు తిరిగి సంఖ్య మార్పించుకొనెను. ఎరువునకు అదను తప్పినది.

ఇట్లు జరుగుటకు కారణమేమనగా, 90 దినములు మాట, సందేశము, ఇంటర్నెట్టు ఏదియు వాడని సిమ్మును కంపెనీవారు రద్దు చేయవచ్చును. ఖాతాలో 20 రూపాయలైనను నిలువ యున్నచో వానిని త్రుంచుకొని మరి 30 దినములు పొడిగింతురు. రద్దైన సంఖ్యను కనీసము 90 దినములు ఊరక యుంచి, పిదప మరియొకరికి అమ్ముదురు. నాడు పది రూపాయల రీఛార్జితో నెలలకొలది సిమ్ము నిలిచియుండెడిది గనుక ఈ బాధ మనకు తెలియలేదు. ఇట్లు చేతులు మారిన సంఖ్యలను యూపీఐ పట్టికలనుండి తొలగించుచుండవలయునని 2025లో బ్యాంకులకు ఆజ్ఞలైనవి. అది మంచిదే గాని, తొలగింపబడినవాడు మనమేయైనచో బ్యాంకు గుమ్మము నెక్కవలసినదియు మనమే.

కొందరు సభ్యులు రీఛార్జి దుకాణదారుని సంఖ్యనో, అల్లుని సంఖ్యనో, ప్రక్కింటి చదువుకొన్న పిల్లవాని సంఖ్యనో పాసుపుస్తకమునకు జతచేయించి యున్నారు. నమ్మకము మంచిదే. కాని తన తాళము తన మొలనుండుట మేలు.

దొంగతనముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. చిన్న ఫోనులో దొంగ ప్రవేశించుటకు ఓటీపీ చెప్పుమని అడుగుట యొకటే దారి. పెద్ద ఫోనులో దారులు పెక్కు. పీఎం కిసాన్ పేరిట వాట్సాపులో వచ్చు ‘ఏపీకే’ అను ఫైలును నొక్కినచో ఫోను దొంగచేతికి పోవును. ప్రభుత్వమువారు అట్టి ఫైలును పంపరు. పోలీసు దుస్తులు ధరించి తెరపై కనబడి “డిజిటల్ అరెస్టు” అని బెదరించువారును కలరు. చట్టమునందు అట్టి అరెస్టు లేదు. డబ్బు పోయినచో ఏడ్చుచు కూర్చుండక తత్‌క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతాలు దాటి పోవును.

మరల తుపాను మాట. హుద్‌హుద్ నాటికంటె నేడు రెండు మేళ్లు కలవు. ఇటీవలి తుపానులయందు ప్రభుత్వమువారి ఆజ్ఞవలన ఒక కంపెనీ టవరు పడిపోయినను, నిలిచియున్న మరియొక కంపెనీ టవరుద్వారా మాటలాడుకొన నిచ్చుచున్నారు. సిగ్నలు లేనప్పుడు ఫోను సెట్టింగులలో నెట్‌వర్కు అను చోటికి పోయి, దొరికిన వేరొక కంపెనీ పేరును ఎన్నుకొని చూడవలయును. ఇది చిన్న ఫోనులోను సాధ్యమే. రెండవది, తుపాను హెచ్చరికలు తెలుగున నేరుగా ఫోనునకే వచ్చుచున్నవి.

ఒక మేలు మాత్రము వెనుకకు పోయినది. నాటి చిన్న ఫోనులో ఎఫ్‌ఎమ్ రేడియో ఉండెడిది. దానికి సిమ్ము అక్కరలేదు, టవరు అక్కరలేదు; ఇయర్‌ఫోను తీగెయే దానికి ఏరియలు. పెద్ద ఫోనులు పెక్కింటిలో దానిని తీసివేసిరి. విపత్తులందు పనికివచ్చును గనుక ఫోనులలో రేడియోను ఉంచుడని కేంద్ర ప్రభుత్వము 2023 ఏప్రిలులో కంపెనీలకు సలహా పంపవలసివచ్చెను. క్రొత్త ఫోను కొనువారు దుకాణమున కెమెరాగూర్చి పది ప్రశ్నలడుగుదురు. ఈ యొక్క ప్రశ్న అడుగుట లేదు.

కావున మొదటి ప్రశ్నకు మా జవాబిది. ఇంటికొక పెద్ద ఫోను ఉండుట నేడు అవసరము. చిన్న ఫోనును పారవేయవలదు. బ్యాంకునకిచ్చిన సంఖ్యగల సిమ్మును చిన్న ఫోనులోనే ఉంచి, పెద్దఫోనులో వేరు సిమ్ము వేసికొన్నవారు మాలో కొందరున్నారు. ఓటీపీ చిన్న ఫోనునకు వచ్చును; పెద్దఫోనులో దొంగ దూరినను దానిని చదువలేడు. అయితే యూపీఐ వాడుటకు బ్యాంకు సంఖ్యగల సిమ్ము ఆ ఫోనులోనే యుండవలయును గనుక, వారు చిన్న మొత్తములకు వేరొక ఖాతా పెట్టుకొని దానితో నడుపుకొనుచున్నారు. పాత 2జీ ఫోనులో జియో సిమ్ము పనిచేయదని గుర్తుంచుకొనవలయును. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ములు పనిచేయును. ఇంటర్నెట్టు అక్కరలేనివారు దాని వెలగూడ కట్టవలసిన బాధ 2025 జనవరినుండి తీరినది. ట్రాయి ఆజ్ఞననుసరించి మాటకును సందేశములకును మాత్రమే వర్తించు రీఛార్జులను కంపెనీవారు పెట్టిరి. దుకాణదారులు వానిని తమంతట తాము చెప్పరు, అడిగి తీసికొనవలయును.

వచ్చు నెల సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు సభ్యులందరు తమ పాసుపుస్తకమును, ఆధారు కార్డును, ఇంటనున్న ఫోనులన్నిటిని వెంట తేవలయును. ఏ ఖాతాకు ఏ సంఖ్య జతపడియున్నదో మన గుమాస్తా యొక్కొక్కరికి చూచి కాగితముపై వ్రాసి యిచ్చును. సొరుగులో పాత సిమ్ము లున్నవారు వానినిగూడ తేవచ్చును. అవి ఇంకను బ్రదికియున్నవో లేవో అక్కడనే తెలియును.