ప్రశ్నపత్రాలతో ఊరికి ఒరిగేదేమిటి?

మనస్తత్వ శాస్త్రజ్ఞుడంటే పిచ్చికి మందిచ్చే డాక్టరనో, ముఖం చూసి మనసులో మాట చెప్పేవాడనో అనుకునేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు. నిజానికి మందు రాసేది మానసిక వైద్యుడు. శాస్త్రజ్ఞుడి చేతిలో ఉండేవి మాటలు, పరీక్షలు, ప్రశ్నపత్రాలే. మరి వాటితో సమాజానికి ఒరిగేదేమిటి? ఈ ప్రశ్న బయటివారికే కాదు, ఆ శాస్త్రజ్ఞులకూ వచ్చింది.

కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి 1916 నాటికే ప్రత్యేక శాఖ ఉంది. అయితే పాశ్చాత్యుల పరీక్షలనే ఇక్కడివారి మీద తిరగేయడంతో చాలాకాలం గడిచిపోయింది. ఎక్కడి పిల్లల కోసమో కూర్చిన ప్రశ్నకు మన పల్లెటూరి కుర్రవాడు తడబడితే తప్పు ఎవరిది? అలహాబాదు ఆచార్యుడు దుర్గానంద్ సిన్హా (1922-1998) ఈ అరువు ధోరణిని గట్టిగా విమర్శించారు. పల్లె జనం ఆశలను, కోరికలను పరిశీలించి 1969లో పుస్తకం వెలువరించారు.

ఊరికి పనికొచ్చే పరిశోధన అంతకు ముందూ లేకపోలేదు. 1934 జనవరి 15న బీహారులో పెను భూకంపం వచ్చింది. అప్పుడు పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ అనే శాస్త్రజ్ఞుడు సేకరించారు. భూమి కంపించినా ఇళ్లు కూలని చోట్ల ఇంతకన్నా ఘోరం జరగబోతోందన్న పుకార్లు చెలరేగాయి. 1950లో కొండచరియలు విరిగిపడిన డార్జిలింగులో సిన్హా విచారిస్తే, నష్టాన్ని కళ్లారా చూసినవారిలో అటువంటివి కనబడలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫెస్టింజర్ 1957లో తన సిద్ధాంతానికి ఈ రెంటినీ వాడుకున్నారు. భయం ముందే పుట్టిందట. దానికి తగిన కారణాన్ని పుకారు సమకూర్చిందట! తుపాన్లు చూసిన కోస్తావారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 'పుకార్లు నమ్మకండి' అని మైకులో చెప్పి ఊరుకునే అధికారులకే చెప్పాలి.

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో కె. రామకృష్ణారావు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర శాఖను నెలకొల్పారు. దూరాన ఉన్నవారి ఆలోచన తెలుస్తుందో లేదో తేలే సంగతి అటుంచితే, పక్క గదిలో తలుపు వేసుకున్న పిల్లవాడి ఆలోచన తెలియడం ఇంటివారికి అంతకన్నా అవసరం. పరీక్ష తప్పినవాడికీ, అప్పులపాలైన రైతుకూ ఆ ఘడియలో కావలసింది వినే మనిషి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన 'టెలి మానస్' నంబరు 14416. దానికి తెలుగులోనే ఫోను చేయవచ్చు, రాత్రయినా సరే.