కప్పగ్రుడ్డులోని వలస

ఆఫ్రికా ఖండమున జీనోపస్ అను కప్ప కలదు. దాని గ్రుడ్డు ఆవగింజయంత. అడ్డుకొలత సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఫలదీకరణమైన గంటన్నరకు అది రెండు కణములగును. పిమ్మట రమారమి అరగంట కొకసారి విభజన జరుగును. పది గంటలకు కణములు వేలకొలది యగును. అంతట వలస మొదలగును. నడిమి వలయమునందలి కణములు చిన్న నొక్కుకడ లోపలికి మడిగి, లోగోడను పట్టుకొని ప్రాకును.

వాని వేగమెంత? నిమిషమునకు సుమారు 2 మైక్రానులు! మిల్లీమీటరు దూరమునకు ఎనిమిది గంటలు పట్టును. నత్త సయితము నవ్వును గదా! కాని గ్రుడ్డే అంత చిన్నది. ఈ వలస నిలిచిపోయినచో పేగు లేదు, వెన్నెముక లేదు, కప్పయే లేదు.

ఇంత మెల్లని కదలికను కనిపెట్టుట యెట్లు? జర్మనీ శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఫోగ్ట్ ఉభయచరముల పిండములపై హానిచేయని రంగుల చుక్కలు పెట్టి కనిపెట్టుకొని యుండెను. చుక్కలు గీతలై సాగి లోపలికి జారిపోయెను. ఏ కణములు ఎచటికి చేరునో పటము గీసి, ఆయన 1929లో ప్రకటించెను.