ఆకులో ఏ యంత్రం ఎక్కడుంది?

పచ్చని ఆకు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకుంటుందని మీరు చదువుకున్నారు కదా! ఆ పని జరిగేది కణాల్లోని హరితరేణువుల్లో. వాటిలో థైలకాయిడ్లనే పల్చని సంచులు అట్లు పేర్చినట్లు దొంతరలుగా ఉంటాయి. ఆ సంచుల పొరల్లో పొదిగిన ప్రోటీను సముదాయాలే అసలు యంత్రాలు.

ముఖ్యమైనవి నాలుగు. రెండవ కాంతివ్యవస్థ నీటిని విడగొట్టి, మనం పీల్చే ఆక్సిజన్‌ను వదులుతుంది. నీటినుండి వచ్చిన ఎలక్ట్రాన్లను సైటోక్రోమ్ సముదాయం అందుకొని మొదటి కాంతివ్యవస్థ వైపు పంపుతుంది. నాలుగవది శక్తినిచ్చే ఏటీపీని తయారుచేస్తుంది.

ఇటువంటి సముదాయాన్ని మొదట ఒక బాక్టీరియా పొరనుండి వేరుచేసి, స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని నిర్మాణం కనుగొన్నారు. అందుకు డైసెన్‌హోఫర్, హూబర్, మిషెల్‌లకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. కాని మనిషిని స్టూడియోకు పిలిచి ఫొటో తీస్తే, అతని ఇల్లు ఏ వీధిలో ఉందో తెలుస్తుందా?

అందుకని శాస్త్రజ్ఞులు క్లామిడోమొనాస్ అనే ఏకకణ శైవలాన్ని బతికుండగానే రెప్పపాటులో గడ్డకట్టించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దాన్ని అటూ ఇటూ వంచుతూ ఎన్నో ఫొటోలు తీశారు. 2020లో వెలువడిన ఫలితం ఇది: రెండవ కాంతివ్యవస్థ దొంతరల లోపల ఉంది. మొదటిదీ, ఏటీపీ యంత్రమూ బయటి పొరల్లో ఉన్నాయి. సైటోక్రోమ్ రెండుచోట్లా ఉంది.

ఎందుకిలా? దొంతరలో సంచికీ సంచికీ మధ్య సందు మూడు నాలుగు నానోమీటర్లే. ఏటీపీ యంత్రం తల పొరమీద పది నానోమీటర్లకు పైగా పొడుచుకొని ఉంటుంది. ఆ ఇరుకులో అది పట్టదు! నిర్మాణమే నివాసాన్ని నిర్ణయించిందన్నమాట.