ఫైబర్‌గ్లాస్ కప్పునకు చలువ పందిరి

పడక, వంట వసతులు గల క్యాంపర్ వ్యానులో హఫీజ్‌పేట నుండి సెలవులకు బయలుదేరు కుటుంబములకు వేసవి యెండయే మొదటి ఇబ్బంది. అందుకై వ్యాను ప్రక్కన కాన్వాసు పందిరి అమర్చుకొందురు. గుడ్డ తేలికయే గదా అని తోచును. కాని దానిని లాగునది గాలి. గాలివేగము రెండింతలైనచో ఒత్తిడి నాలుగింతలగును.

ఫైబర్‌గ్లాస్ అనగా గాజునారను రెసిన్‌లో తడిపి గట్టిపరచిన పలుచని పెంకు. పరచుకొన్న బరువును అది చక్కగా మోయును. ఒక్కచోటనే లాగినచో చిట్లును. కావున మరమేకులను నేరుగా బిగించరాదు. కప్పు లోపల అల్యూమినియం పట్టీ నుంచి, వెడల్పాటి వాషర్లతో బోల్టులను ఈవలినుండి ఆవలికి బిగించవలెను. రంధ్రముల చుట్టును సీలెంటు పూయనిచో వాననీరు లోనికి దిగును. తొలుచునపుడు గాజుధూళి ఊపిరిలోనికి పోకుండ ముక్కునకు ముసుగు ధరించుట అవసరము.

తయారీదారు పేర్కొన్న వివరములు మారునట్లు బండిని సవరించుటను 1988 మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షన్ అడ్డగించుచున్నది. పని మొదలిడక మునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

పందిరి బయటి అంచు కొంత వాలి యుండవలెను. చదరపు మీటరు గుడ్డపై ఒక సెంటీమీటరు నీరు నిలిచినచో 10 కిలోల బరువగును. ఏప్రిల్, మే నెలల సాయంకాలపు గాలివాన మన ప్రాంతమున హఠాత్తుగా విరుచుకుపడును. బిగింపు ఎంత గట్టిదైనను, మబ్బు కమ్మగనే పందిరిని చుట్టివేయువారి కప్పే పదికాలములు నిలుచును.